మందూ మాకూ: రెండు పేర్లు, ఒకే మందు



పోయిన నెల మన సంఘం వారి భోజనాల దగ్గర ఆరో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి మమ్మల్నిద్దరినీ పట్టుకొని ఒక ప్రశ్న అడిగింది. "మా అమ్మమ్మ మోకాలి నొప్పికని మాత్ర మింగుతుంది కదా ఆంటీ! మోకాలు ఎక్కడుందో ఆ మాత్రకి ఎలా తెలుస్తుంది?"

పక్కనున్న పెద్దవాళ్ళు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. మందుల శాస్త్రం మొదటి పాఠం ఆ ప్రశ్నలోనే ఉన్నది. పైగా ఆ పాఠం మాకు తెలిసి ఉండి కూడా, ఒకసారి మా ఇంట్లోనే దాన్ని మరిచి, పెద్ద ప్రమాదం కొని తెచ్చుకొన్నాము. ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో ఆ సంగతి రాయడానికి మొహమాట పడ్డాము. వేసవి వస్తున్నది, చాలా ఇళ్ళకు అమ్మానాన్నలూ అత్తమామలూ రాబోతున్నారు. కనుక ఈ నెల రాసేద్దామని కూర్చొన్నాము.

ముందు అమ్మాయి ప్రశ్నకు జవాబు. మాత్రకు మోకాలు ఎక్కడున్నదో తెలియదు. అది మోకాలికి వెళ్ళదు. ఒళ్ళంతా తిరుగుతుంది, ఆ తిరుగుడులో మోకాలు కూడా ఒక మజిలీ. నొప్పి ఉన్నచోట పని చేస్తే మనం "గుణం" అంటాము. అదే మందు కడుపులో పని చేసి మంట పుట్టిస్తే "దుర్గుణం" అంటాము. మందుకు ఆ తేడా తెలియదు.

ఇక ఆ ప్రయాణం ఎలా జరుగుతుందో చూద్దాము. మింగిన మాత్ర కడుపులో కరిగి, ఎక్కువ భాగం చిన్నపేగు గోడల గుండా నెత్తురులో చేరుతుంది. అక్కడి నుంచి సరాసరి ఒళ్ళంతా తిరగడానికి వీలు లేదు. పేగుల నుంచి బయలుదేరిన నెత్తురు ముందు కాలేయానికి పోవాలి. కాలేయం పొలిమేరలో చెక్‌పోస్టు వంటిది. వచ్చిన సరుకును తనిఖీ చేసి, కొంత అక్కడే విరిచేసి, మిగిలినది లోపలికి వదులుతుంది. గుండెనొప్పి మనిషికి సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. మింగితే ఆలస్యమవుతుంది, చెక్‌పోస్టు దగ్గర చాలా భాగం ఖర్చయిపోతుంది. నాలుక కింద నుంచి అయితే అడ్డదారిన నేరుగా నెత్తురులో కలుస్తుంది.

ఈ తనిఖీదార్లను ఎంజైములు అంటారు. వీళ్ళు కాలేయంలోనే కాక పేగు గోడల్లో కూడా ఉంటారు. ఒక్కొక్కసారి వీళ్ళను నిద్రపుచ్చే పదార్థాలు మన పళ్ళెంలోనే ఉంటాయి. కెనడాలో కొందరు పరిశోధకులు రక్తపోటు మందు ఒకటి మద్యంతో కలిస్తే ఏమవుతుందో పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇచ్చారు. చూస్తే నెత్తురులో మందు అనుకొన్నదానికన్నా చాలా ఎక్కువ ఉన్నది. కారణం మద్యం కాదు, పండు రసమని తేలింది. 1989లో ఆ సంగతి అచ్చయింది. కొలెస్టరాల్‌కు వాడే కొన్ని మాత్రలకూ, కొన్ని రక్తపోటు మాత్రలకూ ఈ పండు పడదని సీసాల మీద హెచ్చరిక ఉండేది అందువల్లనే. మన పంపర పనస కూడా ఆ కుటుంబానిదే, దానికీ ఆ గుణం ఉన్నది.

లోపలికి వచ్చిన మందు ఎంతసేపు ఉంటుంది? దీనికి ఒక లెక్క ఉన్నది. నెత్తురులో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. పారాసెటమాల్‌కు ఇది సుమారు రెండు మూడు గంటలు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్‌కు 30 నుంచి 50 గంటలు. సగం, అందులో సగం, అందులో సగం, ఇలా అయిదు అర్ధాయువులు గడిస్తే మందు దాదాపు పూర్తిగా పోయినట్లు లెక్క. రోజూ వేసుకొనే మందు నెత్తురులో నిలకడకు రావడానికీ సుమారు అంతే కాలం పడుతుంది. "మూడు రోజులు వేసుకొన్నా బి.పి. తగ్గలేదండీ, మానేశాను" అనే పెద్దమనుషులు మనలో చాలామంది. ఆమ్లోడిపిన్‌కు వారం పది రోజులైనా గడువు ఇవ్వనిదే అది తన పని చూపించలేదు.

విరిచిన ముక్కలనూ మిగిలిన మందునూ బయటికి పంపేది ముఖ్యంగా మూత్రపిండాలు. వయసు మళ్ళినకొద్దీ వాటి వేగం తగ్గుతుంది. కనుక ముప్ఫై ఏళ్ళ మనిషికి సరిపోయే మోతాదు డెబ్భై ఏళ్ళ మనిషి ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోవచ్చు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

ఒళ్ళంతా తిరిగే మందు కొన్నిచోట్లనే ఎందుకు పని చేస్తుంది? దీనికి 1905లో ఇంగ్లండులో లాంగ్లీ అనే శాస్త్రవేత్త ఒక దారి చూపించాడు. మందు పట్టుకోవడానికి కణాలలో ప్రత్యేకమైన పదార్థం ఏదో ఉండి తీరాలన్నాడు. ఇప్పుడు వాటిని రిసెప్టర్లు అంటున్నాము. మనం తాళాలు అనుకొందాము. మన ఒంట్లో పుట్టే అడ్రినలిన్ వంటివి తాళంచెవులు. కొన్ని మందులు ఆ తాళంచెవులకు నకళ్ళు, తాళం తీస్తాయి. మరికొన్ని తాళంలో దూరి తిరగకుండా కూర్చొంటాయి, అసలు చెవిని దూరనివ్వవు. గుండె దడను తగ్గించే ప్రొప్రనొలాల్ ఈ రెండో రకం. గుండె మీది అడ్రినలిన్ తాళాలను అది ఆక్రమించుకొంటుంది.

తాళాలు మూసే విద్యలో మన తెలుగువారొకరి చెయ్యి కూడా ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ దేశంలో లెడర్లీ ప్రయోగశాలలో పని చేశారు. కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డం పడే మందుల తయారీ ఆయన బృందం చేసిన పనే. మెథోట్రెక్సేట్ ఆ కోవలోది. ఇప్పటికీ కొన్ని కాన్సర్లకు పెద్ద మోతాదులోనూ, కీళ్ళవాతానికి చిన్న మోతాదులోనూ వాడుతున్నారు. కీళ్ళవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారున్నారు. మందు అదే, మనిషి అతడే. వారం రోజులు కావలసినచోట ఒక్కరోజు ఎడం పెట్టడమే తేడా.

ఇప్పుడు మా ఇంటి కథ.

1988 డిసెంబరు. మా ఇంటి పెద్దావిడ, మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తయ్య, ఇండియా నుంచి వచ్చి మూడు నెలలయింది. ఆవిడకు చక్కెర వ్యాధి, రక్తపోటు. రెండింటికీ మందులు పెట్టెలో తెచ్చుకొన్నారు. చక్కెరకు డయోనిల్, రక్తపోటుకు ప్రొప్రనొలాల్. చలికాలం ప్రయాణం వద్దని మరి మూడు నెలలు ఉండమన్నాము. మందులు అయిపోతాయేమోనని ఇక్కడ ఒక డాక్టరుగారికి చూపించాము. "చక్కెరకు ఏదో మాత్ర వేసుకొంటున్నారు" అన్నామే గాని ఆ అట్ట పట్టుకెళ్ళలేదు. ఆయన గ్లైబ్యూరైడ్ అనే మాత్ర రాసి ఇచ్చారు. మాలో ఒకరు ఆసుపత్రి ఫార్మసీలో పని చేసేవారు. అయినా ఆవిడ మందుల సంచీ విప్పి చూడలేదు. పెద్దవాళ్ళ సంచీలో చెయ్యి పెట్టడం మర్యాద కాదనుకొన్నాము.

ముక్కోటి ఏకాదశి నాడు ఇద్దరమూ పనులకు వెళ్ళి, మాలో ఒకరు మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వచ్చేసరికి ఆవిడ సోఫాలో పడుకొని ఉన్నారు. బయట మంచు, ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉన్నది. పిలిస్తే కళ్ళు తెరిచారు, మాట ముద్దగా వచ్చింది.

"అత్తయ్యా! పొద్దున ఏం వేసుకొన్నారు?"

"రోజూదే అమ్మా... డయోనిల్. ఈ సీసాలోది కూడా ఒకటి. డాక్టరు ఇచ్చింది మానకూడదు కదా!"

"ఏమన్నా తిన్నారా?"

"ఇవాళ ఏకాదశి కదే..."

ఆ మాటతో మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డయోనిల్ అట్ట మీద సన్నక్షరాలతో గ్లిబెన్‌క్లమైడ్ అని ఉన్నది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లైబ్యూరైడ్ రెండూ ఒకే మందు. ఇండియాలో ఒక పేరు, అమెరికాలో ఒక పేరు. ఆవిడ ఆ వారమంతా రెట్టింపు మోతాదు వేసుకొంటున్నారు. తిన్నన్నాళ్ళూ ఎలాగో గడిచింది. తినని నాడు బయటపడింది.

అంబులెన్సు వచ్చేలోగా ఆవిడకు స్పృహ తప్పింది. వాళ్ళు వేలు గుచ్చి చూస్తే చక్కెర 31. పరగడుపున కూడా 70కి తగ్గకూడదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే కొన్ని నిమిషాల్లో లేచి "ఏమైందర్రా?" అని అడిగారు. ఇంక ఇంటికి తీసుకెళ్ళవచ్చు అనుకొన్నాము. డాక్టర్లు ఒప్పుకోలేదు, రాత్రంతా గ్లూకోజు సీసా పెట్టి ఉంచారు. వాళ్ళన్నట్టే అర్ధరాత్రి చక్కెర మళ్ళీ పడిపోయింది.

ఎందుకు పడిపోయిందో పైన చెప్పుకొన్న పాఠాలతో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఈ మందు క్లోమంలోని కణాల మీద ఒక చిన్న ద్వారాన్ని మూసి, ఇన్సులిన్‌ను బయటికి తోయిస్తుంది. మామూలుగా అయితే తిండి తిన్నాక, చక్కెర పెరిగితే ఆ ద్వారం మూసుకొంటుంది. ఈ మందు మనిషి తిన్నదీ లేనిదీ చూడదు, మూసేస్తుంది. ఒక్క మోతాదు ప్రభావమే దాదాపు రోజంతా ఉంటుంది. దాన్ని కాలేయం విరిచినా, ఆ ముక్కల్లో కూడా కొంత శక్తి మిగిలి ఉండి, మూత్రపిండాల గుండా బయటికి పోవాలి. డెబ్భై దాటిన మనిషికి అది నెమ్మదిగా జరుగుతుంది. ఎక్కించిన గ్లూకోజు గంటల్లో ఖర్చయిపోయింది, మందు మాత్రం ఇంకా లోపలే ఉన్నది.

మరి అంతకుముందు ఆవిడకు దడ, వణుకు వచ్చి మమ్మల్ని హెచ్చరించలేదేమి? చక్కెర పడిపోతే అడ్రినలిన్ ఎగదన్ని గుండె దడదడలాడించాలి. ఆ తాళాలలో ప్రొప్రనొలాల్ కూర్చొని ఉన్నది. దడ రాలేదు, వణుకూ రాలేదు. చెమట ఒక్కటే ఆ మందుకు లొంగదు, అందుకే చెమట పట్టింది. డిసెంబరులో పట్టిన ఆ చెమటే ఆవిడను కాపాడింది. ఆ మందును కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌గారు సరిగ్గా ఆ నెలలోనే నోబెల్ బహుమతి అందుకొన్నారు. ఆసుపత్రి వరండాలో కూర్చొని పత్రికలో ఆయన ఫోటో చూసి మేము తల దించుకొన్నాము. మందు మంచిదే, ఎన్నో గుండెలను నిలబెట్టింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవలసిన బాధ్యత మాది, మేము చూడలేదు.

డాక్టరుగారి తప్పూ లేదు, పెద్దావిడ తప్పు అసలే లేదు. ఇండియా మందు ఒకటీ, అమెరికా మందు ఒకటీ అనుకొన్నారావిడ. పెళ్ళింట్లో ఒక్క మనిషినే ఒకరు బావా అని పిలుస్తారు, ఇంకొకరు బాబాయీ అంటారు. పిలుపులు విని ఇద్దరు మనుషులనుకొని రెండు విస్తళ్ళు వేస్తే నష్టం ఒక విస్తరి. మందుల్లో అలా అనుకొంటే నష్టం ప్రాణం. ఒంటికి పేర్లు తెలియవు. ఏ పదార్థం వచ్చింది, ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఈ మూడే దానికి తెలుసు.

ఇలాంటి జంట పేర్లు ఇంకా ఉన్నాయి. ఆయాసానికి పీల్చే సాల్‌బుటమాల్‌ను ఇక్కడ ఆల్బ్యుటెరాల్ అంటారు. అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్ అంటారు. అన్నిటికన్నా ప్రతి ఇంట్లో ఉండేది పారాసెటమాల్. దానికి ఇక్కడి పేరు అసెటమినొఫెన్. మన క్రోసిన్, డోలో, ఇక్కడి టైలెనాల్ అన్నీ అదే. ఇక్కడి జలుబు మందుల్లో చాలావాటిలో కూడా అదే దాగి ఉంటుంది.

దీని లెక్క ఒకటి వేసి చూడండి. జలుబు జ్వరం వచ్చిన పెద్దాయన ఇండియా నుంచి తెచ్చుకొన్న 650 మి.గ్రా. మాత్రలు రోజుకు నాలుగు వేసుకొన్నారు, 2,600 అయింది. ఒళ్ళు నొప్పులని కొడుకు ఇచ్చిన టైలెనాల్ 500వి రెండు, మొత్తం 3,600. కోడలు ఇచ్చిన జలుబు మందులో మోతాదుకు 650, రెండుసార్లు తాగారు. మొత్తం 4,900. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు 4,000 దాటకూడదు. బక్కపలచని వృద్ధులకూ, కాలేయం బలహీనంగా ఉన్నవారికీ, మద్యం అలవాటున్నవారికీ ఇంకా తక్కువే. ముగ్గురూ ప్రేమతోనే ఇచ్చారు. ఒక్కరూ కూడిక చేయలేదు.

ఎక్కువైతే ఏమవుతుంది? ఈ మందులో చాలా భాగాన్ని కాలేయం సులువుగా సర్ది బయటికి పంపుతుంది. కొద్ది భాగం మాత్రం విషంగా మారుతుంది. కాలేయంలో గ్లూటథయోన్ అనే పదార్థం ఆ విషాన్ని అప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మితిమీరితే గ్లూటథయోన్ నిలవ అయిపోతుంది, విషం కాలేయ కణాల మీద పడుతుంది. మొదటి రోజు మనిషి బాగానే కనిపిస్తాడు, మహా అయితే కాస్త వికారం. కాలేయం దెబ్బతిన్నదని రెండో మూడో రోజుకు గాని తెలియదు. దీనికి ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉన్నది, కాని ఎనిమిది గంటలలోపు మొదలుపెడితేనే దాని బలం పూర్తిగా ఉంటుంది. కనుక "బాగానే ఉన్నారు కదా" అని ఆగకండి. ఈ దేశంలో ఎక్కడినుంచయినా 1-800-222-1222కు ఫోను చేస్తే విషాల కేంద్రం వారు ఏ వేళనయినా సలహా చెబుతారు, డబ్బు తీసుకోరు.

ఇక చేయవలసిన పనులు. పెద్దవాళ్ళు దిగిన మర్నాడే, ప్రయాణం బడలిక తీరాక, కాఫీ తాగుతూ కూర్చొని చేయండి.

1. మందుల సంచీ మొత్తం బల్ల మీద పరవమనండి. "అత్తయ్యగారూ, ఒకసారి మీ మందులు అన్నీ చూపించరూ, రాసి పెట్టుకొంటాము" అంటే ఏ పెద్దవారూ నొచ్చుకోరు. మేము మొహమాటపడి చెడ్డాము, మీరు పడకండి. ఆయుర్వేదం, హోమియో, పసరు మందులు కూడా ఆ బల్ల మీదికి రావాలి.

2. అట్ట మీద పెద్దక్షరాలతో ఉన్నది కంపెనీ పెట్టిన పేరు. సన్నక్షరాలతో ఉన్నదే మందు పేరు. కాగితం మీద ఆ సన్నక్షరాల పేరు, మి.గ్రా. ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎందుకు, ఈ నాలుగూ రాయండి. ఒక మాత్రలో రెండు మందులుంటే రెండూ రాయండి. మన దేశంలో చక్కెర మాత్రల్లో ఇది మామూలు.

3. ఇక్కడ కొత్త మందు ఏది కొన్నా, జలుబు మందయినా సరే, ఆ కాగితం ఫార్మసిస్టుకు చూపించి "ఇందులో ఏదైనా రెండుసార్లు వస్తున్నదా? ఒకదానికొకటి పడనివి ఉన్నాయా?" అని అడగండి. డాక్టరుగారిని "ఇది పాతదానికి బదులా, పాతదానితో కలిపా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న 1988లో మేము అడగలేదు.

4. ఉపవాసాలు, శనివారం ఒంటిపూటలు ఉంటే ముందే డాక్టరుకు చెప్పి, ఆ రోజు మాత్ర సంగతి కనుక్కోండి. వ్రతం మానమని చెప్పడం మా పని కాదు. ఇప్పుడు వృద్ధులకు గ్లైబ్యూరైడ్ వద్దనే వైద్యులు చెబుతున్నారు. అయినా ఆ జాతికే చెందిన గ్లిమెపిరైడ్ వంటివి మన పెద్దవాళ్ళలో చాలామంది వాడుతున్నారు.

5. చక్కెర పడిపోయిందని అనుమానం వస్తే, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గాని, అరకప్పు పండ్ల రసం గాని ఇవ్వండి. పావుగంటలో మళ్ళీ చూడండి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 911కు ఫోను చేయండి. తేరుకొన్నా, మాత్రల వల్ల వచ్చినదైతే డాక్టరుకు చూపించనిదే వదలకండి.

ఆ ఉగాది దాకా మా పెద్దావిడ మా దగ్గరే ఉండి ఇండియా వెళ్ళారు. వెళ్ళేముందు మేము రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీలో కుంకుమ భరిణె పక్కన పెట్టుకొన్నారు. తరవాత చాలా ఏళ్ళు బతికారు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ కాగితం తీసి, "మా కోడలు రాసిచ్చింది, ఇది చూసి రాయండి నాయనా" అనేవారట. మందులు మారినప్పుడల్లా మేము కొత్త కాగితం రాసి పంపేవాళ్ళము.

ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెబుతున్నాము. ఈ శీర్షిక డాక్టరుకు బదులు కాదు. దీన్ని చదివి ఎవరూ తమ మందులు మానవద్దు, మోతాదు మార్చవద్దు. మీ ఇంటి కాగితం రాయడంలో ఏ పేరైనా అర్థం కాకపోతే వచ్చే సమావేశానికి అట్టలు పట్టుకొని రండి. భోజనాలయ్యాక ఒక మూల బల్ల వేసుకొని కూర్చొంటాము.

ప్రశ్న అడిగిన చిన్నారికి మా ఆశీస్సులు. వాళ్ళ అమ్మమ్మ మోకాలి మాత్ర కడుపులో మంట ఎందుకు పుట్టిస్తుందో వచ్చే నెల చెప్పుకొందాము.